ఎవరూ రాని పిల్లల అమ్మ

మా అమ్మ పోయింది. అమ్మ దగ్గర పెరిగిన ఒకామె ఫోనులో నాకు ఆ కబురు చెబుతూ, "అమ్మ పోయిందక్కా, మనకింక ఎవరున్నరు" అని బోరున ఏడ్చింది. మనకట. ఆమె కన్నతల్లి మొన్న మొన్నటి దాకా బతికే ఉంది, పోయినప్పుడు నేనే వెళ్లి పలకరించి వచ్చాను. కన్నతల్లిని పోగొట్టుకున్నదాన్ని నేను, చేతిలో ఫోను పట్టుకుని ఆమెను ఊరుకోబెట్టాల్సి వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ గడియలో నాకు ముందు దుఃఖం రాలేదు, కుళ్లు వచ్చింది. నాకంటే ముందు ఆమెకు తెలిసిందని, నాకంటే ముందు ఆమె ఏడ్చేసిందని. దుఃఖం ఆ తర్వాత వచ్చింది, బస్సు కల్వకుర్తి దాటినాక.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితనం రాస్తారు. నేనూ అదే రాయబోతున్నాను. కానీ మా అమ్మ మంచితనమంతా నా వాటాలోంచి తీసి పంచిపెట్టిందే. దాన్ని కడుపుమంట లేకుండా చెప్పడం నా వల్ల కాదు. చదివేవాళ్లు మన్నించినా సరే, నవ్వుకున్నా సరే.

పాలమూరు జిల్లాలో ఒక చిన్న ఊరి బడికి ఆనుకుని ఆడపిల్లల బోర్డింగు ఉండేది. అమ్మ దానికి మేట్రను, పిల్లలను చూసుకునే పని. నాయిన జ్వరమొచ్చి పోయేనాటికి నాకింకా మాటలు సరిగ్గా రాలేదు. నాయిన ముఖం నాకు గుర్తులేదు. కూలికి పోతే తప్ప పొయ్యి రాజుకోని మా ఇళ్లల్లో ఏడో తరగతి చదివిన ఆడమనిషి అమ్మ ఒక్కతే. అందుకని బడి నడిపే పాస్టరు అయ్యగారు పిలిచి ఆ పని ఇచ్చారు. నన్ను చంకన వేసుకుని, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని అమ్మ ఆ బోర్డింగు గడప ఎక్కింది. ఆ రోజు చంకలోంచి దించినదాన్ని మళ్లీ ఎత్తుకోలేదని నేను పెద్దయ్యాక కూడా సాధిస్తూ ఉండేదాన్ని. అమ్మ నవ్వేది.

బోర్డింగంటే ఒక పొడుగాటి పెంకుల హాలు, ముందు వరండా, వెనక వంటకొట్టం, దాని పక్కన కట్టెలు పేర్చే కొట్టం, ఒక చేదబావి. పొద్దున అంబలి, పగలు జొన్న గట్క, పచ్చిపులుసు. ఆదివారం ప్రార్థన అయ్యాక అన్నం, పప్పు. చుట్టుపక్కల ఊళ్ల కూలీల పిల్లలు, గొర్లు మేపేవాళ్ల పిల్లలు, సాగర్ డ్యాం కడుతున్న చోటికి తట్టలు మోయడానికి తల్లీతండ్రీ ఇద్దరూ పోతే ఇక్కడ దిగిపోయిన పిల్లలు. అందరూ మా అమ్మను అమ్మా అనే పిలిచేవాళ్లు. అమ్మ కూడా అందరినీ బిడ్డా అనే పిలిచేది. నన్నూ అదే పిలుపు. దానికో ముద్దుపేరు తగిలించినా నాకు కొంత ఊరట ఉండేది.

బడి తెరవగానే జూన్‌లో కొత్త పిల్లలు వచ్చేవాళ్లు. ఇంటి మీద బెంగతో ఎక్కువ ఏడ్చే పిల్లకు అమ్మ పక్కన చాప. ఆ పిల్ల ఏడుపు ఆగేసరికి ఇంకో పిల్ల తయారు. నా చాప మాత్రం ఎప్పుడూ వరస మధ్యలోనే. ఒక ఏడు నేనూ ఏడ్చి చూశాను. "కొత్తగొచ్చినవా బిడ్డా?" అని అడిగి అమ్మ వెళ్లిపోయింది.

ఎవరైనా రాత్రి చాప తడిపితే తెల్లారకముందే ఆ చాప తనే తీసుకెళ్లి ఉతికి కంచె మీద ఆరేసేది. ఎవరు అడిగినా, చెంబు తన కాలు తగిలి ఒలికిందని చెప్పేది. ఇన్ని చెంబులు తన్నిన కాలు లోకంలో ఇంకొకటి ఉండదు. నాకు జ్వరం వచ్చి అదే పని అయిన రోజు మాత్రం, లేచి ఉతుక్కో బిడ్డా, ఎండ రాకముందే ఆరేయాలె అంది. వంటకొట్టంలో బెల్లం పోయినా, అద్దం పగిలినా, ముందు దెబ్బ నా వీపు మీదే పడేది. మేట్రను తన బిడ్డను వదిలేసి మంది పిల్లలను కొట్టిందన్న మాట రావద్దని. తీసింది ఎవరో తేలేసరికి అమ్మ కోపం దిగిపోయి ఉండేది, అసలు దొంగకు చీవాట్లతో సరిపోయేది. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆకలితో ఉన్న పిల్లకు సుద్దులు చెప్పొద్దు, ముందు గట్క పెట్టాలె అనేది అమ్మ. కొట్టినంక కూడా అన్నం కాడ పిలవాలె, పిలవకుంటే కొట్టింది మిగుల్తది అనేది. ఈ మాటలు ఇప్పుడు ఆ పిల్లలందరి ఇళ్లల్లో చెలామణిలో ఉన్నాయి. వాళ్ల కోడళ్లకు కూడా చెబుతారు, మా అమ్మ అనేది అంటూ.

నా కడుపుమంటకు అసలు కారణం ఇవేమీ కావు. అంగడి.

వారానికొక రోజు ఊళ్లో అంగడి. ఆముదాలో, కోళ్లో, మేకపిల్లలో అమ్ముకోవడానికి వచ్చిన తల్లిదండ్రులు పని చూసుకుని బోర్డింగు దిక్కు వచ్చేవాళ్లు. పేలాలు, సజ్జరొట్టెలు, కాల్చిన కందికాయలు మూటగట్టి తెచ్చేవాళ్లు. పిల్లలు పొద్దుటి నుంచి గేటు పట్టుకుని వేలాడేవాళ్లు. మధ్యాహ్నం తిరిగేసరికి తేలిపోయేది, ఎవరికి ఎవరు వచ్చారో, ఎవరికి రాలేదో. అప్పుడు అమ్మ ఆముదం గిన్నె, దువ్వెన పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చునేది. ఎవరూ రాని పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి, మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, నూనె రాసి, పేలు తీసి, గట్టిగా జడ వేసేది. మిగతా రోజుల్లో పెద్దపిల్లలు చిన్నపిల్లలకు దువ్వేవాళ్లు. అంగడినాడు మాత్రం అమ్మ చేతులు. అది ఎవరూ రాని పిల్లల హక్కు. ఆ మెట్టు మీద ఇంకొకరు కూర్చోవడానికి లేదు.

మీకు అర్థమైంది కదా. అమ్మ లెక్కలో నేను ఎవరూ రాని పిల్లను కాను. ఒకసారి తెగించి వెళ్లి, నాకూ ఎవరూ రాలేదమ్మా అన్నాను. అమ్మ చేయి ఆపకుండానే, "నీకెవరు రావాలె బిడ్డా? నేను దినాం ఉన్నదాన్నే గద" అంది. రోజూ ఉన్నది నిజమే. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, అక్కడ పెరటి చెట్టును నేనయ్యాను. మా అమ్మ చేతులు నా తల మీద పడాలంటే మా అమ్మ లేకుండా పోవాలి.

నేను వరండాకు ఎదురుగా వాకిట్లో ఆడుతున్నట్టు తిరుగుతూ ఆ తంతంతా చూసేదాన్ని. కూర్చుంటే ఏడుపు వస్తుందని కూర్చునేదాన్ని కాదు. గచ్చకాయలు ఎగరేస్తూ, తాడు తిప్పుతూ, బావి దాకా ఉరికి మళ్లీ వస్తూ, కళ్లల్లో నిప్పులు పోసుకుని చూసేదాన్ని.

ఆ మెట్టు మీద అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్న పిల్ల కొమురమ్మ. అచ్చంపేట దిక్కు పిల్ల, నా ఈడుదే, నా తరగతే. వాళ్లది గొర్ల మంద. ఎండలు ముదిరి మేత కరువైతే మందను తోలుకుని నల్లమల లోపలికి, కృష్ణ ఒడ్డుకు పోయేవాళ్లు. వానలు పడితే తప్ప తిరిగి వచ్చేది లేదు. నెలల తరబడి కొమురమ్మకు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అందుకని వారం వారం ఆమె తల మా అమ్మ ఒళ్లో. ఒత్తుగా, తుమ్మకంపలా అల్లుకుపోయిన జుట్టు దానిది. ఒక్క తలకే అంత సేపు పట్టేది. అమ్మ ఆమెతో ఏదో మాట్లాడేది కూడా, నాకు వినబడేది కాదు. ఆ పిల్లకు మూతి ముడుచుకునే అలవాటు ఉండేది, మెడ పట్టినట్టు తల అటూ ఇటూ తిప్పేది. ఇంత సుఖం దొరికి కూడా మొఖం ఎట్లా పెట్టిందో చూడు అని ఒళ్లు మండిపోయేది నాకు.

ఒక ఎండాకాలం అంగడి రోజు. ఒంటిపూట బడులు, సెలవులు ఇంకా ఇవ్వలేదు. గేటు దగ్గర భుజాన గొంగడి, చేతిలో కట్టెతో ఒకాయన నిలబడ్డాడు. చిన్న ముంతలో మేక జున్ను తెచ్చాడు. కొమురమ్మ నాయిన. మందను దోవలో తమ్ముడికి అప్పగించి, బిడ్డను ఒక్కసారి చూసి పొద్దుగూకకముందే మళ్లీ మందను అందుకోవాలని వచ్చాడట. నా సంతోషం ఎవరికీ చెప్పలేనిది. ఇవాళ కొమురమ్మకు మనిషి వచ్చాడు. ఇవాళ మెట్టు మీద దానికి చోటు లేదు.

అయితే కొమురమ్మ లేదు. వంట చేసే అవ్వ పిలిచింది, పిల్లలు హాలంతా వెతికారు, బావి దగ్గర చూశారు. ఆయన గేటు దగ్గర గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. ఇక పోవాలె అని రెండుసార్లు లేచి, మళ్లీ కూర్చున్నాడు.

దొరికింది నాకే. కట్టెలు పేర్చే కొట్టంలో, ఆముదపు కట్టె మోపుల వెనక, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. మీ నాయిన వచ్చిండే, ఈడేం చేస్తున్నవ్ అన్నాను. నోరు మూయమని సైగ చేసి, "నాయిన వచ్చిండని అమ్మకు చెప్పకే. చెప్తే ఇయ్యాల నా తల దువ్వది" అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది జాలి కాదు. నాకు నాయిన లేడు. దానికి నాయిన ఉన్నాడు, జున్ను పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. అట్లాంటి నాయినను వదులుకుని, ఇది మా అమ్మ చేతుల కోసం కట్టెల వెనక దాక్కుంది. ఉన్నవి రెండూ దానికే కావాలి. జడ పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాను. గేటు దాకా ఈడ్చాను. ఎందుకు దాక్కుందో అందరూ వినేటట్టు చెప్పాను. జీవితంలో నేను కుళ్లుతో చేసిన మంచి పని అదొక్కటే, దానికి నేను ఇప్పటికీ చింతించడం లేదు.

ఆయన బిడ్డను దగ్గరికి తీసుకున్నాడు. ఆమె మీద పడ్డ కట్టెపుల్లలు దులిపాడు. అమ్మ మాత్రం చేతిలో దువ్వెనతో మెట్టు మీద అట్లాగే ఉండిపోయింది. తను పెట్టిన పద్ధతి ఒక పిల్లను కన్నతండ్రికి కనబడకుండా దాచిందన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. లేచి గేటు దగ్గరికి వచ్చింది.

"గీ దువ్వెన పట్టు అన్నా. ఇయ్యాల నీ బిడ్డ తల నువ్వే దువ్వాలె."

"గొర్ల బొచ్చు కత్తిరిచ్చే చేతులమ్మా ఇవి. నాకేడొస్తది?"

"వస్తది. చిక్కు కాడ జర ఆగు, గంతే."

ఆయన మా అమ్మ కూర్చునే మెట్టు మీదే కూర్చున్నాడు. గొర్రె బొచ్చులో ఇరుక్కున్న పల్లేరుకాయలు తీసినట్టు ఒక్కొక్క చిక్కునూ వేళ్లతో విప్పాడు. జడ వేయడం రాక తాడు పేనినట్టు పేనాడు. పిల్లలందరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కొమురమ్మ నవ్వలేదు, తల వంచుకుని కళ్లు మూసుకుంది. నేను చూడలేక వాకిలి చివరికి పోయి నిలబడ్డాను. నాకు తల దువ్వడానికి అమ్మా లేదు, నాయినా లేడు. అటు తిరిగి చూస్తే అమ్మ నన్నే చూస్తోంది. వస్తుందనుకున్నాను. రాలేదు. జున్ను అందరికీ పంచడానికి లోపలికి పోయింది.

ఆ వారంతో ఆ హక్కు పోయింది. వచ్చినవాళ్లు, రానివాళ్లు అన్న భేదం తీసేసి, రోజుకు కొందరి చొప్పున వరసగా అందరి తలలూ అమ్మే దువ్వడం మొదలుపెట్టింది. అట్లా ఒకరోజు నా వంతు వచ్చింది. తలస్నానం చేసి, లంగా మడత నలగకుండా వెళ్లి కూర్చున్నాను. ఏం ఊహించుకున్నానో నాకే తెలియదు. అమ్మ అందరికీ రాసినంత ఆముదమే రాసింది, అందరికీ లాగినట్టే లాగింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా అని అడిగేశాను. అందరికంటే నేనంటేనే నీకు ఎక్కువ ఇష్టమా అని.

"గింతమంది ఇనంగ గట్ల అడగొద్దు బిడ్డా" అంది అమ్మ, నా చెవి దగ్గరకు వంగి.

సరే, ఎవరూ లేనప్పుడు అడుగుదామనుకున్నాను. ఎవరూ లేనప్పుడన్నది రాలేదు. నేను చదువుకుని, నల్లగొండలో పంతులమ్మనయ్యాను, పెళ్లయింది, పిల్లలయ్యారు. అమ్మ పని మానుకున్నాక నా దగ్గరికి రమ్మన్నాను. రాలేదు. అంగడికి వచ్చిన పిల్లలు తను కనబడకపోతే ఎక్కడికి పోతారని ఆమె వాదన. ఆ పిల్లలు అప్పటికే తల్లులు, కొందరు అమ్మమ్మలు. బోర్డింగు మూతపడ్డాక కూడా దాని వెనక వీధిలో కిరాయికి ఒక గది తీసుకుని అక్కడే ఉంది. నేను ఎప్పుడు వెళ్లినా ఆ గదిలో ఎవరో ఒకరు ఉండేవాళ్లు. బిడ్డ కాన్పు గురించి చెప్పేవాళ్లు, కొడుకు తాగుడు గురించి ఏడ్చేవాళ్లు, ఊరికే చాప పరుచుకుని పడుకునేవాళ్లు. నేను చాయ పెట్టి అందరికీ ఇచ్చి, చివరి బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. ఆ ప్రశ్న కూడా నాతోపాటు పోయి నాతోపాటు వచ్చేది.

ఇప్పుడు అమ్మకు మట్టి వేసే దగ్గర కూడా అంతే అయింది. పాస్టరుగారు ప్రార్థన ముగించి, బిడ్డలు ముందుకొచ్చి మట్టి వేయండమ్మా అన్నారు. ఒక గుంపు కదిలింది. తెల్లవెంట్రుకల ఆడవాళ్లు, ఊతకర్ర పట్టుకున్నవాళ్లు, ఒకరినొకరు పట్టుకుని ముందుకు వచ్చేశారు. ఊరందరూ చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టు, నా తల్లి గుంత దగ్గర నాకు నిలబడే జాగా లేదు. జరగండి, నేను బిడ్డను అని నేను అనాల్సి వచ్చింది. జరిగారు, పాపం. కానీ ఎవరూ ఏడుపు తగ్గించలేదు.

సాయంత్రం చాలామంది వెళ్లిపోయాక అమ్మ గది ముందు అరుగు మీద కొమురమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. పొద్దున్నే బస్సు దిగిందట, అయిదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని. జుట్టంతా పలచబడిపోయింది. అప్పటిదాకా లోపల ఆడవాళ్లు అమ్మకు ఎవరంటే ఎక్కువ ఇష్టమో చెప్పుకుంటున్నారు. ప్రతి ఒక్కరూ తనేనంటున్నారు, సాక్ష్యాలు కూడా చెబుతున్నారు. ఆ మాట అనలేనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకే బయటికి వచ్చి కూర్చున్నాను. నీకేమే, వారం వారం మెట్టు మీద నువ్వే కదా అన్నాను కొమురమ్మతో. ఈ వయసులో అనదగ్గ మాట కాదు. నోరు ఊరుకోలేదు.

కొమురమ్మ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మీ అమ్మ చేతులు నా తలల ఉండె గని, కండ్లు నీ మీదనే ఉండె. నువ్వు ఎటు ఉరికితే గటు నా తలకాయ తిప్పేది. మెడ గుంజేది నాకు. గీ పిల్ల ఒక్క కాడ కూసుంటే బాగుండని ఎన్నిసార్లు అనుకున్ననో. నీ మీద శానా కుళ్లుండె నాకు."

నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావు అన్నాను. అబద్ధమైనా బాగుందనిపించింది, మళ్లీ అంతలోనే కుళ్లు వచ్చింది. అమ్మ నన్ను చూసేదన్న సంగతి కూడా ఇన్నేళ్లూ దీనికే తెలుసు, నాకు తెలియదు. అది నిజమేనా, ఒట్టు పెట్టు అని అడగాలనుకున్నాను.

కొమురమ్మ అప్పటికి నా మాట వినడం లేదు. మనవరాలు ఇంటి ముందు గేటు ఎక్కి ఊగుతోంది, అవతల రోడ్డు మీద లారీలు పోతున్నాయి. కొమురమ్మ నా చేతిని నిమురుతూనే ఉంది, చూపంతా అటే. పిల్ల గేటు దిగి గోడ వెంట ఉరికింది. కొమురమ్మ మెడ అటు తిరిగింది, భుజం తిరిగింది, పట్టుకున్న నా చెయ్యిని కూడా ఆమెకు తెలియకుండానే అటు గుంజింది. పిల్ల వెనక్కి ఉరికి వచ్చింది, నా చెయ్యి మళ్లీ ఇటు తిరిగింది. మణికట్టు నొప్పి పెట్టింది. నేను విడిపించుకోలేదు.